ఊరపిల్లి ఇంటికొస్తే

ఎవరిదో తెలియని పిల్లి ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెడితే ఆ ఇంటివాళ్ళు ముందు తేల్చుకోవాల్సినవి మూడు. అది ఎవరి పిల్లి, ఏం చూసుకుని వచ్చింది, కడుపుతో ఉందా లేదా. ఈ మూడూ తెలిస్తే ఉంచుకోవాలా వద్దా అన్న ప్రశ్న సగం తేలిపోతుంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో మాత్రం చాలా ఇళ్ళలో ఈ వరస కనిపించదు. మొదట నాలుగు రోజులు పెరుగన్నం పెడతారు. అది పిల్లలు పెట్టాక విసుక్కుంటారు. ఆఖరికి తల్లినో పిల్లల్నో గోతంలో వేసి సాగర్ కాలువ అవతల వదిలేసి వస్తారు. మనసు మంచిదే అయినా పని చెడ్డదయ్యేది ఇలాగే.

పిల్లి వచ్చిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఎలుకే, కాకపోతే ఎంగిలి. మనిషికీ పిల్లికీ పొత్తు కుదిరింది కూడా ధాన్యం గాదెల దగ్గరే. నేటి పెంపుడు పిల్లులన్నిటికీ మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల అడవిపిల్లి అని జన్యు పరిశోధనల్లో తేలింది. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి గురించి 2004లో లోకానికి తెలిసింది. గింజలు నిలవచేసిన చోటికి ఎలుకలొచ్చాయి, ఎలుకల వెంట పిల్లులొచ్చాయి. ఎద్దును, గుర్రాన్ని పట్టి లొంగదీసినట్టు పిల్లిని ఎవరూ లొంగదీయలేదు. తనంతట తాను వచ్చి చేరిన జంతువది.

ఈ నేల మీద ఆ రాక ఇంకా సాగుతూనే ఉంది, పైగా దానికి పంటల క్యాలెండరు ఉంది. అక్టోబరు నుంచి పత్తి తీతలు మొదలవుతాయి. ధర కోసం ఆగిన రైతు తీసిన పత్తిని ముందుగదిలో పైకప్పు దాకా పోస్తాడు. పిల్లికి అంతకన్నా మెత్తని, వెచ్చని పురిటిగది దొరకదు. సంక్రాంతి దాటాక మిరప కళ్ళాలు పరుచుకుంటాయి. కళ్ళం కాపలా ఉండేవాళ్ళ అన్నం మూటలు, కూలీలు పారేసిన మెతుకులు, చేప ముళ్ళు పిల్లుల్ని అక్కడికి లాగుతాయి. శనగ, మినుము, జొన్న మూటలు పేర్చిన గదులకు ఎలుకలు తప్పవు, ఎలుకలున్న చోటికి పిల్లి రాకా తప్పదు. ఒంగోలు, కొండపి, పొదిలి వైపు ఆకు కాల్చడం అయిపోయాక పొగాకు బ్యారన్లు నెలల తరబడి ఖాళీగా ఉంటాయి. పిల్లులు ఈనడానికి అవీ అనువైన చోట్లే. అందుకని పిల్లి ఎక్కడ మకాం వేసిందో చూస్తే ఎందుకు వచ్చిందో చాలావరకు అర్థమవుతుంది.

ఎలుకల కోసమే పిల్లిని ఉంచుకోవాలనుకునేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఇంట్లో తిరిగే చిట్టెలుకల్ని, ఒక మాదిరి ఎలుకల్ని పిల్లి బాగా అదుపు చేస్తుంది. ఎదిగిన పందికొక్కుతో మాత్రం చాలా పిల్లులు తలపడవు. పొలం గట్లలో బొరియలు చేసుకున్న ఎలుకల మందను ఒకటి రెండు పిల్లులు తగ్గించలేవు. ఇక, తిండి పెడితే పిల్లి ఎలుకల్ని పట్టదన్న మాట నిజం కాదు. పిల్లి వేట ఆకలి మీద ఒక్కదాని మీదే ఆధారపడదు, కదిలేదాన్ని చూస్తే దూకడం దాని స్వభావం. కడుపు మాడ్చిన పిల్లి ఎలుక దొరకని రోజున ఉట్టి మీదకో, పక్కింటి కోడిపిల్లల మీదకో పోతుంది.

వచ్చింది ఎవరి పిల్లో తెలుసుకోవడం పల్లెలో కష్టం కాదు. పాలు పోసేవాళ్ళను, పచారీ కొట్టువాళ్ళను, నాలుగిళ్ళ అవతలివాళ్ళను అడిగితే చాలు. పిల్లి ఒక ఇంట్లో పడుకుని, రెండో ఇంట్లో తిని, మూడో ఇంట్లో పిల్లలు పెట్టడం మామూలే. ఒక్కోసారి ఒకే పిల్లికి మూడు వీధుల్లో మూడు పేర్లుంటాయి. మెడకు వదులుగా కాగితం పట్టీ కట్టి, ‘ఇది ఎవరిదో చెప్పండి’ అని రాసి వదిలితే అది తిరిగే ఇళ్ళవాళ్ళు చూస్తారు. కాగితమే కట్టాలి, తాడు కట్టకూడదు. ఎక్కడైనా తగులుకుంటే కాగితం చిరిగిపోతుంది, తాడు ఉరి పడుతుంది. గుంటూరు, ఒంగోలు లాంటి పట్టణాల్లో ఈ మధ్య పొడుగు బొచ్చు, చప్పిడి ముఖం ఉన్న పర్షియన్ పిల్లులు కూడా వీధుల్లో కనిపిస్తున్నాయి. అలాంటిది కచ్చితంగా ఒక ఇంట్లో పెరిగి తప్పిపోయిందో, వదిలేసిందో అయి ఉంటుంది. అది వేటాడలేదు, ఎండకు ఆగలేదు. దాన్ని వెంటనే లోపలికి తీసుకుని యజమాని కోసం వెతకాలి.

మనిషిని చూడగానే తోక నిలువుగా ఎత్తి దగ్గరకొచ్చేది ఎప్పుడో ఇంట్లో పెరిగిందని అర్థం. నేలకు ఒదిగి, కళ్ళు పెద్దవి చేసి, దారి వెతుక్కునేది వీధిలోనే పుట్టి పెరిగింది. రెండో రకాన్ని ఒడిలో కూర్చోబెట్టుకోవాలని ఆశపడకూడదు. పిల్లికూనలు మనిషికి మచ్చికయ్యే వయసు సుమారు రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఉంటుంది. అప్పుడు మనిషి చెయ్యి తగలని పిల్లి తరవాత నమ్మకంగా ఉండటం నేర్చుకోవచ్చు గాని, పెంపుడు పిల్లిలా మారడం అరుదు. దానికి భయం కలిగించిన సంగతిని అది తేలిగ్గా మరవదు కూడా. తెనాలి రామకృష్ణుడి కథల్లో వేడి పాలకు మూతి కాలిన పిల్లి ఆ తరవాత పాలగిన్నె చూస్తేనే పారిపోతుంది. నవ్వు కోసం చెప్పిన కథే అయినా పిల్లి స్వభావం అందులో సరిగ్గా పట్టుబడింది.

పొలంలో దొరికిన కూనల సంగతి వేరు. మిరప, పత్తి, జొన్న చేలల్లో, కాలువ పక్క జమ్ములో అడవిపిల్లులు పిల్లలు పెడతాయి. ఇవి ఇంటిపిల్లి కన్నా పెద్దవి, కాళ్ళు పొడుగు, తోక పొట్టి. తోక చివర నల్లని పట్టీలు, చెవుల కొసన కొద్దిగా నల్లని వెంట్రుకల కుచ్చు ఉంటాయి. ఎదిగినదానికి ఒంటి మీద మచ్చలు, చారలు దాదాపు కనిపించవు గాని కూనలకు లేత చారలుంటాయి. దాంతో చూసినవాళ్ళు ఇంటిపిల్లి కూనలే అనుకుంటారు. మార్కాపురం అవతల నల్లమలలో ఇంటిపిల్లి అంత కూడా ఉండని తుప్పుమచ్చల పిల్లి, రేపల్లె దిగువన కృష్ణ సముద్రంలో కలిసేచోటి మడ అడవుల్లో చేపలు పట్టి బతికే నీటిపిల్లి కూడా ఉన్నాయి. వీటన్నిటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని ఇంటికి తెచ్చుకోవడం నేరం. పత్తి తీసేటప్పుడు కూనలు కనబడితే ఆ సాళ్ళు నాలుగు వదిలేసి దూరం జరగాలి. చీకటి పడ్డాక తల్లి వచ్చి నోట కరుచుకుపోతుంది. మరుసటి రోజుకీ అక్కడే ఉంటే అటవీ శాఖకు చెప్పాలి.

ఇంటి దగ్గర పుట్టిన కూనల విషయంలోనూ తొందరపాటే ఎక్కువ హాని చేస్తుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దవాళ్ళు అంటారు. లెక్క ఏడే కాకపోవచ్చు గాని తిప్పడం నిజమే. వాసన, అలికిడి, కుక్క భయం వల్ల తల్లి చోటు మారుస్తూ ఉంటుంది. మారుస్తున్నప్పుడు ఒక కూన ఒంటరిగా అరుస్తూ కనబడుతుంది, చూసినవాళ్ళు తల్లి వదిలేసిందనుకుని ఎత్తుకుపోతారు. కూనలు వెచ్చగా, నిండు పొట్టతో నిద్రపోతుంటే తల్లి దగ్గర్లోనే ఉన్నట్టు. చల్లబడి, ఆపకుండా అరుస్తుంటే కొన్ని గంటలు దూరం నుంచి చూసి, అప్పటికీ తల్లి రాకపోతే పట్టించుకోవాలి. ముందు వెచ్చదనం ఇవ్వాలి, తరవాతే తిండి. చల్లబడ్డ కూనకు పాలు పడితే అరగవు. ఆవు పాలు, గేదె పాలు పిల్లికూనలకు సరిపడవు, విరేచనాలవుతాయి. పిల్లికూనల కోసమే తయారైన పాలపొడి పట్టణాల్లో పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. కళ్ళు తెరవడానికి వారం, పది రోజులు, పాలు మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడతాయి. ఈలోపు తల్లిని తరమడం కూనల్ని చంపడమే.

కొత్త పిల్లిని మొదటి రోజే ఎత్తుకోకూడదు. కరిచినా గీరినా తెలుగు పల్లెల్లో మొదట గుర్తొచ్చేది పసుపు, సున్నం, కారం. మిరప పండే ఊళ్ళలో గాయానికి కారం అద్దేవాళ్ళు మరీ ఎక్కువ. ఇది ప్రమాదకరం. కుక్కలాగే పిల్లి వల్ల కూడా రేబిస్ వస్తుంది, వచ్చాక మందు లేదు. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి పోవాలి. చర్మానికి వేసే పద్ధతిలో టీకా మొదటి రోజున, తరవాత 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. కండకు వేసేదైతే 14వ రోజున మరొకటి ఉంటుంది. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. కరిచిన పిల్లిని చంపకుండా పది రోజులు కనిపెట్టి చూడాలి. అది ఆరోగ్యంగా ఉంటే మిగతా ఇంజెక్షన్ల సంగతి డాక్టరు చెబుతారు. పది రోజులు చూసి అప్పుడు పోదామని మాత్రం ఆగకూడదు.

పిల్లుల నుంచి పిల్లలకు తామర అంటుకోవచ్చు. కాబట్టి వచ్చిన పిల్లి ఒంటి మీద గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలుంటే వైద్యం అయ్యేదాకా పసివాళ్ళను దూరంగా ఉంచాలి. గర్భిణులు పిల్లి మలం ఎత్తకూడదు. పచ్చిమాంసం, ఎలుకలు తినే పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. అయితే ఆ మలం అంటు కలిగించే స్థితికి రావడానికి ఒక రోజైనా పడుతుంది. ఇంట్లో మరొకరు రోజూ శుభ్రం చేసి చేతులు కడుక్కుంటే చాలు. కడుపుతో ఉన్న కోడలి కోసం పిల్లిని ఊరవతల పారేయాల్సిన పని లేదు.

ఇక తిండి. పెరుగన్నంతో పిల్లి బతకలేదు. అది పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పోషకం మాంసం, చేపల నుంచే దానికి అందాలి, అందకపోతే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. చేప తలలు, కోడి గుండె, కాలేయం, ఉడికించిన గుడ్డు పల్లెలో దొరికేవే. శాకాహారపు ఇళ్ళవాళ్ళకు దుకాణంలో దొరికే పొడి తిండి ఉంది. మనం తినే కూర మాత్రం పెట్టకూడదు. గుంటూరు కూరలో ఉల్లి, వెల్లుల్లి, కారం లేనిదెప్పుడు? కారం కడుపును మండిస్తే, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలనే పాడుచేస్తాయి. ఎదిగిన పిల్లికి పాలు కూడా చాలాసార్లు అరగవు. పాలకన్నా మంచినీళ్ళు ముఖ్యం. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. అలాంటి చోట వేసవిలో నీడన ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెట్టడం పిల్లికి చేసే సాయాల్లో మొదటిది.

ఈ ప్రాంతంలో పిల్లికి కుక్క కన్నా పెద్ద శత్రువు మందు డబ్బా. ఎలుకలకు పెట్టే బ్రోమాడయోలోన్ బిళ్ళ తిన్న ఎలుక వెంటనే చావదు, మగతగా రెండు మూడు రోజులు తిరుగుతుంది. అలాంటిదాన్ని పట్టడం పిల్లికి తేలిక. ఆ విషం పిల్లి ఒంట్లోకి చేరి లోపల రక్తస్రావమవుతుంది. ఆస్పత్రికి త్వరగా తీసుకుపోతే కె1 విటమిన్‌తో బతికించవచ్చు. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎరను పిల్లి నేరుగా తింటే బతకడం కష్టం. పిల్లి తిరిగే ఇంట్లో ఎలుకలకు మందు పెట్టకూడదు, బోను పెట్టాలి. పిల్లీ మందూ రెండూ ఒక ఇంట్లో ఇమడవు.

పత్తికీ మిరపకూ కొట్టే సైపర్‌మెత్రిన్ జాతి మందుల్ని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. పిచికారీ డబ్బా కడిగిన నీళ్ళలో తడిసిన పిల్లి ఒళ్ళు నాక్కుని వణికి చనిపోతుంది. కుక్కకు పేలు పోవడానికి చల్లే పొడుల్లో కొన్నింట్లో ఇదే జాతి మందు ఉంటుంది, అది పిల్లికి వాడకూడదు. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ వేసినా ప్రాణం పోతుంది. పిల్లి రాకుండా ఫినాయిల్ పోయడం, కలరా ఉండలు వేయడం, గడప దగ్గర కారం చల్లడం కూడా మానాలి. మొదటి రెండూ విషాలు. కారం అరికాళ్ళకు అంటుకుని, అదే కాలితో ముఖం తుడుచుకునే పిల్లి కళ్ళలోకి పోతుంది. కళ్ళంలో కాయ ఎత్తినవాళ్ళకు ఆ మంట ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నీ చూసుకున్నాక ఎదుట ఉండే దారులు ఇవి. ఇంట్లోకి తీసుకోవడం, ఆవరణలో ఉండనివ్వడం, రాకుండా చేయడం. వీటిలో చేరనిది, ఎప్పుడూ చేయకూడనిది, పట్టుకెళ్ళి దూరంగా వదిలేయడం. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని తరతరాలుగా చెబుతూ వచ్చారు. ఆ భయం పిల్లిని కర్ర నుంచి కాపాడింది, గోతం నుంచి కాపాడలేదు. చంపడం పాపమని తెలిసినవాళ్ళే వదిలేయడం పాపం కాదనుకుంటున్నారు. పిల్లి ఒక చోటుకు అలవాటుపడిన జంతువు. కొత్త చోట నీళ్ళు, నీడ, దాక్కునే సందు ఏవీ దానికి తెలియవు. అక్కడి పిల్లులు తరుముతాయి, కుక్కలు పట్టుకుంటాయి, లేదా పాత ఇంటికి తిరిగి వస్తూ రోడ్డు మీద చనిపోతుంది. పోనీ ఇంటికి పీడ విరగడయిందా అంటే అదీ లేదు. ఎలుకలూ ఎంగిలీ ఉన్నంతకాలం ఆ ఖాళీలోకి ఇంకో పిల్లి వస్తుంది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఆకలి దప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. అందులో మొదటిసారికి జరిమానా 50 రూపాయలు దాటదు. ఇంత స్వల్పమైన శిక్షను ఇన్నాళ్ళూ మార్చకపోవడం సరికాదు. జంతువుకు విషం పెట్టడం, చంపడం, అంగవైకల్యం చేయడం మాత్రం 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కిందకు వస్తుంది. దానికి అయిదేళ్ళ దాకా జైలు పడవచ్చు.

మూడు దారుల్లో ఈ పల్లెలకు ఎక్కువగా నప్పేది మధ్యది, పిల్లిని ఆవరణలో ఉండనివ్వడం. గొడ్లచావిడి, గడ్డివామి, వసారా ఉన్న ఇంట్లో పిల్లికి గదిలో చోటు అక్కర్లేదు. కోడిపిల్లల మీద గంప బోర్లించడం, పాలకుండ మీద మూత పెట్టడం ఎలాగూ ఉన్నవే. కానీ దీనికి తప్పనిసరి షరతు ఒకటుంది. తిండి పెట్టే చెయ్యే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. పెట్టడం మొదలుపెట్టి ఆపరేషన్ మానేస్తే చేసింది దయ అనిపించుకోదు. ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకు వస్తుంది. సుమారు 63 నుంచి 65 రోజుల్లో ఈనుతుంది. పగటి వెలుగు ఎక్కువగా ఉండే మన దేశంలో ఏడాదికి రెండు మూడు ఈతలు అసాధారణం కాదు, ఈతకు మూడు నుంచి అయిదు కూనలు. పాలిస్తూనే మళ్ళీ కడుపుతో ఉండొచ్చు. వీటిలో చాలా కూనలు కుక్కల నోట, బండ్ల కింద, పాన్‌ల్యూకోపీనియా అనే విరేచనాల జబ్బుతో పోతాయి. ఎక్కువ మంది గోతం వైపు చూసేది ఈ దశలోనే.

ఆడ, మగ తేడా పోల్చడానికి రంగు కొంత సాయపడుతుంది. తెలుపు, నలుపు, పసుపు మూడు రంగులూ ఉన్నది దాదాపు ఎప్పుడూ ఆడదే. పసుపురంగు ఒక్కటే ఉన్నవాటిలో మగవి ఎక్కువ. గండుపిల్లికి ఆపరేషన్ చేయిస్తే రాత్రుళ్ళు కొట్లాటలు, గోడల మీద ఉచ్చ పోయడం తగ్గుతాయి. ఆడపిల్లికి చేయిస్తే ఈతలు ఆగుతాయి. రెండిట్లో ఒకటే వీలైతే ఆడపిల్లికే చేయించాలి. పాలిచ్చే తల్లి అయితే కూనలు పాలు మానేదాకా, అంటే సుమారు ఎనిమిది వారాలు ఆగాలి.

మచ్చిక లేని పిల్లిని చేత్తో పట్టబోవద్దు. ఎలుకల బోను చాలదు, పిల్లి పట్టేంత బోనులో ఎండుచేప పెట్టి, పడ్డాక పైన దుప్పటి కప్పితే చీకట్లో అది నెమ్మదిస్తుంది. ఆపరేషన్ ముందు ఎన్ని గంటలు పస్తుంచాలో డాక్టరు చెబుతారు. మత్తులో ఉండగానే రేబిస్ టీకా వేయించి, ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరించమనాలి. ఆ గుర్తు చాలా దేశాల్లో వాడుకలో ఉంది, దాన్ని చూస్తే ఈ పిల్లికి ఆపరేషన్ అయిందని దూరం నుంచే తెలుస్తుంది, మళ్ళీ పట్టి కోయించే బాధ తప్పుతుంది. అన్ని మండలాల పశువుల ఆస్పత్రుల్లోనూ ఈ ఆపరేషన్ చేయరు. గుంటూరు, ఒంగోలు పట్టణాల్లో పెంపుడు జంతువులు చూసే వైద్యుల దగ్గరికి, లేదా గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు ముందుగా కబురు చేసి పోవడం మంచిది. ప్రభుత్వం 2023లో తెచ్చిన జంతు సంతాన నియంత్రణ నిబంధనలు చాలావరకు కుక్కల గురించే. మున్సిపాలిటీ బండి పిల్లి కోసం వస్తుందని ఎదురుచూడటం వృథా. ఒక పిల్లికి నాలుగిళ్ళు తిండి పెడుతున్నప్పుడు ఖర్చు కూడా నాలుగిళ్ళూ పంచుకోవడం న్యాయం.

అసలు పిల్లే వద్దనుకునేవారికీ దారి ఉంది. పెంకుల సందులు, తూములు, పత్తి పోసిన గది కిటికీలు జాలీతో మూయాలి. మూసేముందు లోపల కూనలు లేవని చూసుకోవాలి. ఎంగిలి మూత ఉన్న తొట్టిలో వేయాలి. ఇంట్లో ఒకరు తరుముతూ మరొకరు చాటుగా అన్నం పెట్టకూడదు. తిండి దొరకని చోట పిల్లి ఎక్కువ రోజులు నిలవదు, తన ఎరుకలో ఉన్న ఇంకో ఇంటికి తనే పోతుంది. అలా పోవడానికీ గోతంలో పోవడానికీ ఉన్న తేడా దాని ప్రాణం.

ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ ఆస్పత్రుల్లో పెంపుడు జంతువులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. కుక్కలతో పాటు మీ గడపలో తిరిగే పిల్లిని కూడా, మూడు నెలలు నిండినదైతే, ఆ రోజు తీసుకువెళ్ళండి. ఆపరేషన్ ఎక్కడ చేస్తారో కూడా అక్కడి డాక్టరునే అడగండి.